ఇంగ్లీషు మహాగని చేతుల కుర్చీ: దీని అసలు వయసు ఎలా తెలుసుకోవాలి?

శ్రీను_లీడ్స్ | శనివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. మా నాన్నగారు వడ్రంగి, తెనాలి దగ్గర పల్లెటూరు మాది. నేను ఉద్యోగరీత్యా ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటున్నాను.

పోయిన వారం ఇక్కడికి గంట దూరంలో జరిగిన ఒక చిన్న వేలంలో ఒక కుర్చీ కొన్నాను, 340 పౌండ్లకు. కేటలాగ్‌లో ఒకటే లైను రాశారు: మహాగని చేతుల కుర్చీ, చిప్పెండేల్ శైలి, 18వ శతాబ్దం.

ఫోటోలు ఆరు పెట్టాను. వీపు పైన అలలా వంపు తిరిగిన అడ్డకర్ర ఉంది, దాని రెండు కొసలూ చెవుల్లా బయటికి తిరిగాయి. మధ్యలో వెడల్పాటి పలకను ఖాళీలు వచ్చేలా కోసి, పట్టీలు ఒకదాని కిందినుంచి ఒకటి దూరి అల్లుకున్నట్టు చెక్కారు. ముందు కాళ్ళు పైన మోకాలిలా ఉబ్బి, చీలమండ దగ్గర సన్నబడి, కింద పక్షి పంజా బంతిని పట్టుకున్నట్టు ముగుస్తాయి. మోకాళ్ళ మీద నగిషీ ఆకులు. వెనక కాళ్ళకు ఏ పనీ లేదు, సాదాగా కొంచెం వెనక్కి వాలి ఉన్నాయి. సీటు పైకి ఎత్తితే ఊడి వస్తుంది.

ఇది నిజంగా 18వ శతాబ్దానిదేనా, తర్వాతెప్పుడో చేసిన నకలా? అమ్మే ఉద్దేశం లేదు. నాన్నకు ఫోన్‌లో చూపిస్తే ఆయన అడిగిన మొదటి మాట "అడుగున ఎలా ఉంది?" అని. నేను అసలు అడుగు చూడనే లేదు.

కర్ర_పిచ్చి | శనివారం, రాత్రి 10:40

భలే ఉంది బ్రదర్. ఆ పంజా ఫోటో జూమ్ చేసి పది నిమిషాలు చూశాను. చిప్పెండేల్ అంటే మనిషి పేరా, కంపెనీ పేరా, డిజైన్ పేరా? అన్నిచోట్లా వినిపిస్తుంది, ఎవరూ సరిగ్గా చెప్పరు.

భార్గవి_ఫర్నిచర్ | ఆదివారం, ఉదయం 8:05

శ్రీను గారూ, మీ నాన్నగారు సరైన ప్రశ్న అడిగారు. నేను పదకొండేళ్ళుగా ఇంగ్లండ్ దక్షిణాన పాత ఫర్నిచర్ బాగుచేసే పనిలో ఉన్నాను. మా దగ్గరికి ఏ కుర్చీ వచ్చినా ముందు తలకిందులు చేస్తాం, ముందువైపు ఆఖర్న చూస్తాం.

కర్ర_పిచ్చి గారికి: థామస్ చిప్పెండేల్ మనిషే. 1718లో యార్క్‌షైర్‌లోని ఆట్లీలో, వడ్రంగి ఇంట్లో పుట్టాడు. లీడ్స్‌కి అది పక్క ఊరి కింద లెక్క. లండన్ వెళ్ళి సెయింట్ మార్టిన్స్ లేన్‌లో కార్ఖానా పెట్టుకున్నాడు. 1754లో తన డిజైన్లను రాగి రేకుల మీద చెక్కించి 'ది జెంటిల్‌మన్ అండ్ క్యాబినెట్-మేకర్స్ డైరెక్టర్' అనే పుస్తకంగా అచ్చు వేయించాడు. ముందే చందా కట్టినవాళ్ళు 300 మందికి పైనే. వాళ్ళలో ప్రభువులే కాదు, సాటి పనివాళ్ళు కూడా చాలామంది ఉన్నారు. ఇక ఆ బొమ్మలు చూసి ఊరూరా ఎవరికి తోచినట్టు వాళ్ళు చేసుకున్నారు. సముద్రం దాటి అమెరికాలోనూ చేశారు. కాబట్టి చిప్పెండేల్ కుర్చీ అని ఎవరైనా అంటే, ఆయన శైలిలో ఉన్న కుర్చీ అనే అర్థం చేసుకోవాలి. ఆయన తన సరుకు మీద ముద్ర వేసేవాడు కాదు. ఫలానాది ఆయన కార్ఖానాదే అని చెప్పాలంటే పాత బిల్లులు, ఉత్తరాలే ఆధారం.

ఇంకో మాట. బంతి పట్టుకున్న పంజా చూడగానే అందరూ చిప్పెండేల్ అంటారు. ఆయన పుస్తకంలో ఆ పాదం ఒక్క బొమ్మలో కూడా లేదు! పుస్తకం వచ్చేసరికే లండన్‌లో ఆ ఫ్యాషన్ పాతబడింది. అది అంతకుముందు 1730లు, 40లలో వెలిగిన పాదం, పల్లెల్లో ఆ తర్వాత కూడా నడిచింది.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. కుర్చీని చేతులు పట్టుకునో, వీపు పట్టుకునో ఎత్తకండి, సీటు కింది పట్టెలు పట్టుకుని ఎత్తండి. మెత్తటి దుప్పటి మీద బోర్లించండి. మొదట వీపు పలక అడుగు చూడండి. వెనక సీటు పట్టె మీద చిన్న గడపలాంటి ముక్క ఉంటుంది, దాన్ని షూ అంటాం. పలక దిగువ అందులోకి దిగుతుంది. పాత పనిలో షూ విడి ముక్కగా ఉంటుంది. తర్వాతి నకళ్ళలో చాలావాటికి పట్టె, షూ ఒకే కర్రలో ఉంటాయి. తర్వాత సీటు తీసి నాలుగు మూలలూ చూడండి: రెండు పట్టెల మధ్య ఏటవాలుగా గాడిలో దించిన సన్న బద్ద ఉందా, లేక స్క్రూలు బిగించిన ముక్కోణపు దిమ్మ ఉందా? పట్టెల లోపలి ముఖం మీద రంపపు గీతలు తిన్నగా ఉన్నాయా, విల్లులా వంగి ఉన్నాయా? వంగి ఉంటే గుండ్రటి రంపం కోసినట్టు, అంటే 19వ శతాబ్దంలోకి వచ్చేసినట్టే. స్క్రూ దొరికితే ఒకటి మాత్రం తీసి మొన చూడండి. పాతకాలపు స్క్రూకి మొన ఉండదు, మొద్దుగా ఉంటుంది, తల మీది గాడి కూడా సరిగ్గా మధ్యలో ఉండదు. మొన తేలిన మెషీన్ స్క్రూలు 1840ల తర్వాతే వచ్చాయి.

ఏ ఒక్కదాన్నీ పట్టుకుని తీర్పు చెప్పకండి. అన్నీ కలిపి చూడాలి.

రథం_ఆచారి | ఆదివారం, ఉదయం 11:30

శ్రీనూ బాబూ, నాకు ఇంగ్లీషు కుర్చీల సంగతి తెలియదు. నలభై ఏళ్ళుగా గుడి రథాలకు బొమ్మలు చెక్కుతున్నాను. మా మనవడు చూపిస్తే ఫోటో చూశాను. ఒక్క సంగతి చెబుతాను, చేసి చూడు.

కళ్ళు మూసుకుని మోకాలి మీద బొటనవేలు ఆనించి, పై నుంచి చీలమండ దాకా మెల్లగా జార్చు. కాలి వంపు చర్మం అనుకో. ఆకు ఆ చర్మం మీద లేచి ఉందా, చర్మంలోకి దిగి ఉందా? మొదటి నుంచీ నగిషీ చేయాలని తలచిన పనివాడు అక్కడ కర్ర ఎక్కువ ఉంచుకుంటాడు. చుట్టూ తీసేసి ఆకును నిలబెడతాడు. అప్పుడు వేలికి ఆకు ఎత్తుగా తగులుతుంది. సాదా కాలు మీద తర్వాత ఎవడో వచ్చి ఆకు గీసి చెక్కితే వాడికి కర్ర ఎక్కడిది? ఉన్నదాంట్లోకే దిగాలి. ఆకు పల్లంలో ఉంటుంది, కాలు సన్నబడి నీరసంగా కనిపిస్తుంది.

మాకూ ఇలాంటివి ఎదురవుతాయి. అరిగిపోయిన పాత బొమ్మకు మళ్ళీ కళ్ళూ ముక్కూ తీరుస్తారు. ముఖం లోపలికి పోతుంది. చూడగానే తెలుస్తుంది, ఎంత బాగా తీర్చినా సరే.

పంజా మాత్రం నాకు నచ్చింది. రథం మీద యాళి పాదం చెక్కేటప్పుడు మా గురువుగారు అదే చెప్పేవారు: వేళ్ళు బంతి మీద పరుచుకుని ఉంటే అది చచ్చిన జంతువు. కణుపులు పైకి లేవాలి, గోళ్ళు దిగాలి, బంతి జారిపోబోతుంటే పట్టుకున్నట్టు ఉండాలి. నీ కుర్చీలో కణుపులు లేచాయి.

భార్గవి_ఫర్నిచర్ | ఆదివారం, మధ్యాహ్నం 12:10

ఆచారి గారూ, మాకు ఈ పాఠం చెప్పడానికి ఒక పూట పట్టింది మా మేస్త్రికి. మీరు నాలుగు ముక్కల్లో చెప్పేశారు. విక్టోరియా రాణి కాలంలో సాదా పాత కుర్చీల మీద కొత్తగా నగిషీ చెక్కి ఎక్కువ ధరకు అమ్మిన వ్యాపారులు ఉన్నారు. వాటిని పట్టుకోవడానికి ఇప్పటికీ మేం వేలితోనే మొదలుపెడతాం.

శ్రీను_లీడ్స్ | ఆదివారం, సాయంత్రం 6:48

అందరికీ థాంక్స్. మధ్యాహ్నమంతా దీంతోనే గడిచింది. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మోకాలు: ఆకు లేచి ఉంది ఆచారి గారూ. బొటనవేలు ఎక్కి దిగుతుంది. ఆకు ఈనెల మధ్య గాడిలో గోరు పెడితే సన్నటి మెట్లు తగులుతున్నాయి, ఉలి ఆగి ఆగి వెళ్ళిన చోట్లు. సాండ్ పేపర్ తగిలిన నునుపు కాదు.

షూ: విడి ముక్కే. సన్నని అతుకు కనిపిస్తోంది.

వీపు పలక వెనక వైపు చూసి ఆశ్చర్యపోయాను. ముందు నుంచి పట్టీలు కాగితంలా పల్చగా కనిపిస్తాయి. వెనక తిప్పితే అసలు మందం బాగానే ఉంది. ప్రతి కోత అంచునూ వెనక నుంచి ఏటవాలుగా చెక్కేశారు. ముందు నుంచి చూసేవాడికి ఆ మందం కనపడకుండా. ఆ ఏటవాలు మీద ఆకురాయి గీతలు అలాగే వదిలేశారు.

మూలలు: రెండు ముందు మూలల్లో ఏటవాలు బద్దలు గాడిలో దిగి ఉన్నాయి. వెనక ఒక మూల బద్ద పోయింది, గాడి మాత్రం ఉంది. ఇంకో మూల ఎవరో దిమ్మ పెట్టి స్క్రూ కొట్టారు. పట్టెల లోపల రంపపు గీతలు తిన్నగా, కొంచెం ఎగుడుదిగుడుగా ఉన్నాయి.

ఇంకోటి. ముందు పట్టె మీద, సీటు కూర్చునే అంచులో, ఉలితో కొట్టిన గీతలున్నాయి. రోమన్ అంకె 7. సీటు చట్రం తిప్పి చూస్తే దాని మీద నాలుగు నిలువు గీతలు. రెండూ కలవడం లేదు, అదేమిటో అర్థం కాలేదు.

చట్రం వేరే కర్రలా తెల్లగా ఉంది, దాని నిండా పురుగు రంధ్రాలు. కుర్చీ కర్రకు మాత్రం ఒక్క రంధ్రం లేదు.

భార్గవి_ఫర్నిచర్ | ఆదివారం, రాత్రి 8:20

మంచి వార్త. ఇప్పటిదాకా చెప్పినవన్నీ 18వ శతాబ్దం వైపే మొగ్గుతున్నాయి.

అంకెల సంగతి సులువు. కుర్చీలు సెట్టుగా చేసేవారు. ప్రతి సీటు చట్రాన్నీ దాని కుర్చీకి సరిపోయేలా చేత్తో సర్దేవారు కాబట్టి ఒకదాని సీటు ఇంకోదానిలో సరిగ్గా కూర్చోదు. కలిసిపోకుండా రెండింటి మీదా ఒకే అంకె కొట్టేవారు. నాలుగుకి నాలుగు గీతలు కొట్టడం అప్పటి అలవాటు. అంటే మీది సెట్టులో ఏడో కుర్చీ. ఎప్పుడో ఎవరింట్లోనో సీట్ల మీద గుడ్డ మార్చడానికి అన్నీ తీసి, తిరిగి పెట్టేటప్పుడు నాలుగోదాని సీటు మీదాన్లో పెట్టేశారు. సీటు ఒక పక్క కొంచెం బిగుతుగా ఉందేమో చూడండి.

తెల్ల కర్ర బీచ్ అనే చెట్టుది అయి ఉండాలి. కనపడని చోట చవక కర్ర వాడేవారు. పురుగుకి బీచ్ అంటే ఇష్టం, మహాగని చేవ జోలికి దాదాపు రాదు. రంధ్రాల కింద నల్ల కాగితం పరిచి నెల రోజులు ఉంచండి. కొత్తగా పొడి రాలితే పురుగు బతికున్నట్టు, అప్పుడు చూద్దాం.

ఒక కొలత మాత్రం మీరు ఇవ్వలేదు. సీటు ముందు పట్టె వెడల్పు ఎంత? బయట అంచు నుంచి బయట అంచుకి. అది చాలా ముఖ్యం.

కర్ర_పిచ్చి | ఆదివారం, రాత్రి 9:02

ఈ వంపు కాలు ఎలా కోస్తారు? లేత్ మీద తిప్పిందా? వంచిందా? నేను ఒక స్టూలుకి ప్రయత్నిస్తే ఎలుకను మింగిన పాములా వచ్చింది, అందుకే అడుగుతున్నాను.

రథం_ఆచారి | సోమవారం, ఉదయం 6:15

లేత్ మీద రాదు నాయనా, వంచితే రాదు. దుంగలోంచి తీయాల్సిందే.

భార్గవమ్మ ఫోన్‌లో కాలి పని వివరంగా చెప్పింది, నాకు తెలిసినదానికి కలిపి రాస్తున్నాను. సుమారు మూడంగుళాల చదరం ఉన్న కర్ర తీసుకోవాలి. కాలి వంపును పల్చటి చెక్క మీద గీసి అచ్చు కోసుకోవాలి. ఆ అచ్చును కర్రకు పక్కపక్కనున్న రెండు ముఖాల మీద పెట్టి గీయాలి, రెండు మోకాళ్ళూ ఒకే మూల వైపు చూసేలా. ఒక ముఖం గీత మీద కోస్తే రెండో ముఖం మీది గీత కోసిన ముక్కతో ఊడిపోతుంది. అందుకని ఆ ముక్కల్ని మళ్ళీ దాని చోట కట్టి, కర్రను తిప్పి, రెండో గీత కోయాలి. అన్నీ విప్పితే లోపల నలుపలకల కాలు బయటపడుతుంది. అక్కడి నుంచి ఉలి, ఆకురాయి, కన్ను.

నీ స్టూలు కాలు ఎందుకు చెడిందో చెప్పనా? చీలమండ దగ్గర భయపడి కర్ర ఎక్కువ ఉంచి ఉంటావు. మోకాలికీ చీలమండకీ తేడా ధైర్యంగా ఉండాలి. కర్ర నార తిన్నగా ఉన్న ముక్క ఎంచుకుంటే సన్నగా చేసినా విరగదు.

మోకాలికి రెండు పక్కలా రెక్కల్లాంటి ముక్కలు చూశావా, పట్టె కిందికి ఒదిగినవి? అవి విడి ముక్కలు. వజ్జరం పెట్టి అతికిస్తారు. ఆ తర్వాతే ఆకు చెక్కుతారు, ఆకు కొస అతుకు మీదుగా పోయేలా. అతుకు ఎక్కడుందో కంటికి అందదు. ఈ ఆలోచన చేసినవాడికి దండం.

మూడంగుళాల కర్రలో చీలమండ దగ్గర మిగిలేది అంగుళంన్నర కూడా ఉండదు. మిగతాదంతా పొట్టు. మంచి కర్ర అలా పొట్టు చేయాలంటే మాకు చెయ్యి రాదు.

చరిత్ర_టీచర్ | సోమవారం, మధ్యాహ్నం 1:30

ఆ కర్ర ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఈ చర్చలో ఉండాలి. ఇంగ్లండ్‌లో మహాగని చెట్టు పెరగదు. అంతకుముందు అక్కడి మంచి కుర్చీలు వాల్‌నట్‌తో చేసేవారు. 1721లో బ్రిటిష్ పార్లమెంటు అమెరికా వలసల నుంచి వచ్చే కలప మీద సుంకం తీసేసింది. దాంతో జమైకా మహాగని ఓడల్లో రావడం పెరిగింది. ఇంకొన్నేళ్ళకు క్యూబా కర్ర, హోండూరస్ తీరపు కర్ర కూడా వచ్చాయి.

ఈ చెట్లు నరికింది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళు. ఇప్పుడు బెలీజ్ అంటున్న ప్రాంతంలో, దట్టమైన అడవిలో మహాగని గుంపులుగా ఉండదు, అక్కడొకటి ఇక్కడొకటి ఉంటుంది. చెట్టు జాడ తీయడానికి ఒక మనిషి ఉండేవాడు. ఆగస్టు ప్రాంతంలో ఆకు రంగు మారినప్పుడు ఎత్తైన చెట్టెక్కి, పచ్చటి అడవి మీద ఆ ఎర్రటి ఛాయ ఎక్కడుందో గుర్తుపట్టి దారి చూపేవాడు. మొదలు దగ్గర వేర్లు గోడల్లా లేచి ఉంటాయి కాబట్టి మంచె కట్టుకుని, నేలకు పది పన్నెండు అడుగుల ఎత్తున గొడ్డలి వేసేవారు. వానలకు నది పొంగినప్పుడు దుంగల్ని నీళ్ళలోకి వదిలి సముద్రానికి చేర్చేవారు.

శ్రీను గారి కుర్చీ చేసిన పనివాడి పేరు మనకు తెలియదు. ఆ చెట్టు నరికినవాడి పేరు అంతకన్నా తెలియదు.

కర్ర_పిచ్చి | సోమవారం, మధ్యాహ్నం 2:05

టీచర్ గారూ, మంచి మాట రాశారు. చిన్న డౌటు. మా పక్క మండలంలో రైతులు మహాగని తోటలు వేస్తున్నారు. అదే కర్రా?

భార్గవి_ఫర్నిచర్ | సోమవారం, సాయంత్రం 5:40

మహాగని పేరుతో నాటేవన్నీ ఒకే జాతి కావు. జాతి కలిసినా కర్ర ఒకటే అనలేం. ఆనాటి జమైకా, క్యూబా కర్ర అడవిలో తాపీగా పెరిగింది. చేత్తో ఎత్తితేనే తేడా తెలుస్తుంది, అంత బరువు. ఉలి అంచు ఎంత సన్నటి గీత పెడితే అంత సన్నగా నిలుస్తుంది, పెళుసుగా ఊడిపోదు. రంధ్రాల్లో సుద్దలాంటి తెల్లటి పొడి కనిపిస్తుంది. శ్రీను గారూ, వెనక కాళ్ళ అడుగున భూతద్దం పెట్టి చూడండి. వాల్‌నట్‌లో ఇంత సన్నని వీపు అల్లిక, ఇంత లోతు నగిషీ చేయడం కష్టం. కర్ర మారింది కాబట్టే కుర్చీ రూపం మారింది.

విశాఖ_వాసి | సోమవారం, రాత్రి 9:25

ఇక్కడ మా ఊరి మాట ఒకటి చెప్పకుండా ఉండలేను. ఇదే కాలంలో, ఇదే ఆకారపు కుర్చీలు విశాఖపట్నంలో చేశారు!

ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు తమ దేశపు కుర్చీల నమూనాలు ఇచ్చి మన పనివాళ్ళతో చేయించుకునేవారు. కర్ర ఇరుగుడు లాంటి నల్ల కర్ర. నగిషీ బదులు ఏనుగు దంతం పొదిగేవారు. దంతం మీద సన్నగా గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. దాంతో పువ్వుల లత గీసినట్టు కనపడేది. ఆ లతలు చూస్తే మన తీరపు అద్దకం బట్టల అంచులే గుర్తొస్తాయి. 1756లో ఇక్కడికి వచ్చిన జాన్ కార్నీల్ అనే సైనికాధికారి కూడా ఈ ఊరి పొదుగుడు పనిని మెచ్చుకుంటూ రాసుకున్నాడు. తర్వాత గంధపు చెక్క మీద దంతపు రేకు పూర్తిగా తాపడం చేసిన పెట్టెలు, కుర్చీలు వచ్చాయి. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ దగ్గరున్న దంతపు తాపడం కుర్చీలను 1781లో ఆయన సామాను వేలంలో మూడో జార్జి రాజు తన రాణి షార్లెట్ కోసం కొన్నాడు. ఇప్పటికీ అవి అక్కడి రాజకుటుంబం సేకరణలో ఉన్నాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ మన విశాఖ పని ఉంది.

నేను మూడేళ్ళ క్రితం ఆ మ్యూజియంకి వెళ్ళినప్పుడు అద్దాల పెట్టె ముందు చాలాసేపు నిలబడిపోయాను. కాలి వంపు అచ్చంగా శ్రీను గారి కుర్చీదే. దాని మీద పాకిన లత మాత్రం మనది. మన ఊళ్ళో ఆ పని ఇప్పుడు లేదు. అది తలుచుకుంటే బాధగా ఉంటుంది.

రథం_ఆచారి | మంగళవారం, ఉదయం 6:02

విశాఖ బాబూ, ఇది నాకు తెలియదు. ఫోటోలు ఉంటే పెట్టు. వెనక వైపు ఫోటో ఉంటే ఇంకా మంచిది.

శ్రీను_లీడ్స్ | మంగళవారం, రాత్రి 10:30

భార్గవి గారూ, ముందు పట్టె 20.5 అంగుళాలు. వెనక కాళ్ళ అడుగున తెల్ల పొడి ఉంది.

ఇంకా ఒకటి గమనించాను, చెప్పాలంటే మనసు కొంచెం పాడైంది. చేతులు వీపు నిలువు కర్రలకు కలిసే చోట, ఆ నిలువు కర్ర మీద పొడుగునా ఒక సన్నటి గాడి గీత ఉంది. పై నుంచి అందంగా దిగుతూ వచ్చి, చెయ్యి దగ్గర సగంలో తెగిపోయి, చెయ్యి కింద మళ్ళీ మొదలవుతుంది. చేతి కర్ర రంగు ఒక వీసం ఎర్రగా ఉంది. లోపల నుంచి పక్క పట్టెకి కొట్టిన స్క్రూ తీసి చూశాను. మొన సూదిలా ఉంది.

భార్గవి_ఫర్నిచర్ | మంగళవారం, రాత్రి 11:15

అనుమానించిందే. నేను చెప్పాల్సింది మీరే కనిపెట్టేశారు.

ఆ కాలంలో సెట్టులో చేతుల కుర్చీలు రెండుంటే, మిగతావి చేతుల్లేనివి. చేతుల కుర్చీని మొదటి నుంచే వెడల్పుగా చేసేవారు. చేతుల మధ్య మనిషి ఇమడాలి కదా, రెండు మూడు అంగుళాలు ఎక్కువే ఉండేది. 20.5 అంగుళాలంటే చేతుల్లేని కుర్చీ కొలత. పైగా పనివాడు చేయి పెట్టాలని ముందే అనుకుని ఉంటే గాడి గీతను అక్కడ ఆపి, ముగింపు ఇచ్చి ఉండేవాడు. గీత మధ్యలో తెగిందంటే అప్పటికే పూర్తయిన కుర్చీని తర్వాత ఎవరో కోసి చెయ్యి దించారు. మొన ఉన్న స్క్రూ, రంగు తేడా కూడా అదే చెబుతున్నాయి.

నా అభిప్రాయం: కుర్చీ 1750లు, 60ల ప్రాంతానిది, అసలుదే, చాలా మంచి చేతి పని. చేతులు సుమారు వందేళ్ళ తర్వాత పెట్టినవి. చేతుల కుర్చీకి ధర ఎక్కువ పలుకుతుంది కాబట్టి ఇలా మార్చేవారు. వేలంవాళ్ళు ఆ తేడా రాయకపోవడం తప్పే. కానీ ఆ మోకాలు, ఆ పంజా, ఆ వీపు పలక ఎవరూ ముట్టుకోలేదు. 340 పౌండ్లకు మీరు మోసపోలేదు.

కర్ర_పిచ్చి | బుధవారం, ఉదయం 7:50

అయితే చేతులు తీసేయండి! అసలు రూపం వస్తుంది కదా.

భార్గవి_ఫర్నిచర్ | బుధవారం, ఉదయం 9:10

తీసేస్తే నిలువు కర్రల మీద రెండు పెద్ద గాట్లు, పక్క పట్టెల్లో బెజ్జాలు మిగులుతాయి. వాటిని పూడ్చాలంటే కొత్త కర్ర పెట్టాలి, రంగు కలపాలి, అంటే ఇంకో అబద్ధం చేర్చినట్టు. చేతులు కూడా చేత్తో చేసినవే, వాటికీ నూట యాభై ఏళ్ళుంటాయి. నేనైతే ముట్టుకోను.

రథం_ఆచారి | బుధవారం, ఉదయం 9:45

నేనైతే తీసేస్తాను. గీత తెగిన చోట చూసినప్పుడల్లా మొదటి పనివాడి చెయ్యి పట్టుకుని ఆపినట్టు ఉంటుంది. కానీ భార్గవమ్మ చెప్పినదీ నిజమే. నీ ఇష్టం బాబూ.

శ్రీను_లీడ్స్ | ఆదివారం, రాత్రి 9:20

ఆలస్యమైంది, క్షమించండి. రెండు రోజులు ఆలోచించాను. నిన్న మా అమ్మాయిని తీసుకుని ఆట్లీ వెళ్ళాను. ఊరి మధ్యలో చిప్పెండేల్ విగ్రహం ఉంది. అక్కడి నుంచి హేర్‌వుడ్ హౌస్‌కి వెళ్ళాం. ఆయన 1767 నుంచి ఆ భవనానికి సామాను చేశాడు. గదుల్లో బంగారు పూత పెట్టిన కుర్చీలున్నాయి. ఆ ఇంటివాళ్ళ సంపద కరీబియన్ చెరకు తోటల నుంచి, బానిసల శ్రమ నుంచి వచ్చిందని ఇప్పుడు అక్కడే చెబుతున్నారు. టీచర్ గారు రాసింది గుర్తొచ్చింది.

అక్కడ తాడు కట్టి ఉంది, ముట్టుకోనివ్వరు. ఇంటికొచ్చి నా కుర్చీ మోకాలి మీద చెయ్యి పెట్టాను.

చేతులు అలాగే ఉంచుతున్నాను. దిమ్మ కొట్టిన మూలను మాత్రం సరిచేయాలి, కుర్చీ కొంచెం ఊగుతోంది. ఫెవికాల్ వాడొచ్చా?

భార్గవి_ఫర్నిచర్ | ఆదివారం, రాత్రి 9:58

వద్దు! ఆచారి గారు చెప్పిన వజ్జరమే వాడండి, తోలు బంక. వేడినీటి గిన్నెలో కరిగించి రాస్తే పట్టుకుంటుంది. రేపు ఇంకెవరైనా విప్పాల్సి వస్తే వెచ్చదనం, తడి తగిలితే వదిలేస్తుంది. ఇప్పటి బంకలు పెడితే తర్వాతివాడు కుసి (బెజ్జంలోకి దిగిన కర్ర కొస) విరగ్గొట్టి తీయాల్సి వస్తుంది. పోయిన బద్ద ఉన్న గాడిలో కొత్త బద్ద దించండి, దాని లోపలి ముఖం మీద పెన్సిల్‌తో ఈ ఏడాది తారీఖు రాయండి, పాతదని ఎవరూ పొరబడకుండా.

పైన పాలిష్ తీయకండి. పాతకాలంలో అవిసె నూనె రాసి, సన్నటి ఇటుక పొడితో రుద్ది మెరుపు తెచ్చేవారు. 1803లో షెరటన్ అనే ఇంగ్లీషు ఫర్నిచర్ డిజైనరు కూడా ఈ పద్ధతి రాశాడు. దాని మీద రెండున్నర శతాబ్దాల మైనం, చేతి జిడ్డు, పొగ కలిసి ఆ రంగు వచ్చింది. గీకితే తిరిగి రాదు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, ఏడాదికోసారి పల్చగా తేనెమైనం, అంతే.

రథం_ఆచారి | సోమవారం, ఉదయం 5:50

బాబూ, ఒక కోరిక. ఆ కాలి వంపు కాగితం మీద గీసి పంపగలవా? టేకులో ఒకటి చేయాలనుంది. మనవడు ఉలి పడతానంటున్నాడు, వాడికి దీనితో మొదలుపెడతాను.

శ్రీను_లీడ్స్ | మంగళవారం, రాత్రి 8:35

ఆచారి గారూ, తప్పకుండా. కుర్చీని పక్కకు పడుకోబెట్టి, రెండు వైపుల నుంచీ కాలి వంపు గీశాను. ఎత్తు 16.5 అంగుళాలు, మోకాలి దగ్గర 2.75, చీలమండ దగ్గర 1.25, బంతి అడ్డం 2.5. ఆకు కాలి మీద నుంచి లేచిన ఎత్తు పావు అంగుళంకన్నా కొంచెం తక్కువ. ఆకు మీద పల్చటి కాగితం పరిచి పెన్సిల్ రుద్ది తీసిన అచ్చు కూడా ఉంది, ఈనెలు బాగా పడ్డాయి. అన్నీ చుట్టి గొట్టంలో పెట్టాను, రేపు పోస్ట్ చేస్తాను.

పంజా అచ్చు ఎడమ కాలిది తీశాను. కుడి కాలి మూడో గోరు ఎప్పుడో విరిగితే అతికించినట్టుంది, వేలు పెడితే తేడా తెలుస్తోంది.